పాత కార్టూన్లు దాచుకోవాలంటే ఏ డిస్కు కొనాలి, ఏ పెట్టె కొనాలి?

“అన్నా, టామ్ అండ్ జెర్రీ మొత్తం ఉండే సెట్టు ఏది?” అనంతపురంలో తెలిసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. జవాబు చెప్పే ముందు నేనొకటి అడుగుతా: పిల్లలకు చూపించేదానికా, దాచుకునేదానికా? దాన్ని బట్టి కొనే పెట్టె మారుతుంది, పెట్టే డబ్బూ మారుతుంది. కొలత మాత్రం రెండింటికీ ఒకటే. బొమ్మ పూర్తిగా ఉండాలి, గీత చెడకుండా ఉండాలి. వీసీడీనా, డీవీడీనా, బ్లూరేనా అనేది ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇంత పట్టుగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ కార్టూన్లు టీవీ కోసం తీసినవి కావు. 1930ల నుంచి 1960ల దాకా అమెరికాలో హాళ్లలో అసలు సినిమాకు ముందు వేసేదానికి తీసిన ఆరేడు నిమిషాల బొమ్మలు. 35 ఎంఎం ఫిల్ము మీద, సెకనుకు 24 ఫ్రేముల లెక్కన, చేత్తో గీసి, రంగు వేసి తీశారు. టీవీ వచ్చాక వాటిలో చాలావాటిని వేరే కంపెనీలు కొన్నాయి. కొన్నవాళ్లు మొదట్లో వచ్చే పేర్లు తీసేశారు, తమ పేరు అతికించుకున్నారు, కొన్ని సీన్లు కోసేశారు, 16 ఎంఎం కాపీలు తీసి ఊరూరా పంపారు. ఆ కాపీలకు మళ్లీ కాపీలు పుట్టాయి. అందుకే ఒకే బొమ్మ మూడు డిస్కుల్లో మూడు రకాలుగా ఉంటుంది.

పొపాయ్ సంగతే చూడండి. ఫ్లీషర్ సోదరుల స్టూడియో 1933లో మొదలుపెట్టిన ఈ బొమ్మల్లో పేర్లు పడేటప్పుడు ఓడ తలుపులు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఒక్కో తలుపు వెనక ఒక్కో పేరు. 1956లో టీవీ హక్కులు కొన్న ఏఏపీ అనే సంస్థ వాటిని విడుదల చేసిన పారమౌంట్ కంపెనీ పేరున్న ముక్కలు తీయించి తన పేరు పెట్టుకుంది. చాలా ఏళ్లు టీవీలో తిరిగిన ప్రింట్లు దాదాపు అన్నీ అవే. 2007లో వార్నర్ బ్రదర్స్ సంస్థ తెచ్చిన డీవీడీ సెట్టులో, 1933 నుంచి 1938 దాకా వచ్చిన 60 బొమ్మలకు, ఆ పాత టైటిళ్లు వెతికి తిరిగి పెట్టారు. చవక డిస్కులో చూసినవాళ్లు దీన్ని చూస్తే పొపాయ్ కొత్త బొమ్మలా కనిపిస్తాడు.

మన ఇళ్లలో ఇప్పటికే ఉన్న వీసీడీలు

సీమలో చాలా ఇళ్లలో కార్టూన్ అంటే వీసీడీనే. 1995లో కార్టూన్ నెట్‌వర్క్ మన దేశానికి వచ్చింది, పిల్లలకు పిచ్చి పట్టింది, కేబుల్ కనెక్షన్ లేని ఇళ్లకు సీడీ షాపు దిక్కైంది. 2007 ప్రాంతంలో మోజర్ బేర్ అనే కంపెనీ సినిమా వీసీడీని 28 రూపాయలకు అమ్మడంతో డిస్కు అంటే కూరగాయల సంచిలో వేసుకొచ్చే వస్తువైపోయింది. ఆ రోజుల్లో కొన్న టామ్ అండ్ జెర్రీ వీసీడీలు ఇప్పటికీ బీరువాల్లో ఉన్నాయి.

వాటిని పారేయమని చెప్పను. కానీ కొత్తగా డబ్బు పెట్టి కొనొద్దు. వీసీడీలో బొమ్మ కొలత 352 అడ్డం, 288 నిలువు చుక్కలే. డిస్కుకు 74 నిమిషాలు పడుతుంది, అంటే పది బొమ్మలు. 1947 నాటి ‘ది క్యాట్ కన్సర్టో’ తీసుకోండి. టామ్ పియానో మీద ఫ్రాంజ్ లిస్ట్ అనే సంగీతకారుడు స్వరపరిచిన రెండో హంగేరియన్ రాప్సొడీ వాయిస్తుంటాడు, జెర్రీ పియానో లోపల పడుకుని ఉంటాడు. వాయింపు వేగం అందుకునేసరికి వీసీడీలో టామ్ వేళ్లూ మెట్లూ కలిసిపోయి చదరాలు చదరాలుగా చెదిరిపోతాయి. అదే బొమ్మను మంచి బ్లూరేలో ఆపి చూస్తే ప్రతి వేలూ విడిగా కనిపిస్తుంది. ఏ వేలు ఏ మెట్టు మీద పడాలో గీసినవాళ్లు ఎంత చూసుకుని గీశారో అప్పుడు తెలుస్తుంది. టామ్ వేసుకున్న నల్ల కోటు అంచున రంగు కొంచెం పలచబడిన చోటు కూడా దొరుకుతుంది. ఆ బొమ్మకు ఆస్కార్ వచ్చింది. ఈ జంటకు మొత్తం ఏడు ఆస్కార్లు. అంత పనితనాన్ని చదరాల్లో చూడటం నాకు బాధగా ఉంటుంది.

డీవీడీ కొనేటప్పుడు

డీవీడీ ఇప్పటికీ మంచి బేరమే. డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో కట్టడి చేసే రీజియన్ గొడవ ఒక్కటి ముందే తెలుసుకోవాలి. మన దేశం డీవీడీకి రీజియన్ 5, అమెరికా రీజియన్ 1. మన సందుల్లో దొరికే చవక ప్లేయర్లు చాలావరకు అన్ని రీజియన్లూ ఆడిస్తాయి. పేరున్న కంపెనీ ప్లేయర్లు చాలావరకు ఆడించవు. కంప్యూటర్ డ్రైవులో అయితే రీజియన్ మార్చుకునేదానికి అయిదు అవకాశాలే ఉంటాయి, అయిదోసారి మార్చింది అట్లే ఉండిపోతుంది. ఇంకో మాట: అమెరికా డిస్కులు ఎన్టీఎస్సీ అనే అక్కడి టీవీ పద్ధతివి. ఇంట్లో ఇంకా పాత డబ్బా టీవీ ఉంటే, దాంట్లో బొమ్మ నలుపు తెలుపుగా వచ్చిందంటే డిస్కు చెడిపోయిందని కాదు, ఆ టీవీకి ఎన్టీఎస్సీ రాదని అర్థం.

ఇండియా డిస్కు కొనాలా, అమెరికా డిస్కు కొనాలా అంటే నేను అమెరికా డిస్కుకే ఓటేస్తా. కారణం సంగీతం. ఇక్కడా, యూరప్‌లోనూ అమ్మినవి సాధారణంగా పాల్ అనే ఇంకో టీవీ పద్ధతివి. సెకనుకు 24 ఫ్రేముల ఫిల్మును అందులో 25 చేసి ఆడిస్తారు. నాలుగు శాతం వేగం పెరుగుతుంది, శ్రుతి దాదాపు అర స్వరం పైకి పోతుంది. మామూలు సినిమాలో ఎవరూ పట్టుకోలేరు. కానీ టామ్ అండ్ జెర్రీలో స్కాట్ బ్రాడ్లీ, వార్నర్ బొమ్మల్లో కార్ల్ స్టాలింగ్ అడుగు అడుగుకూ వాయిద్యం కుదిర్చి పెట్టారు. పిల్లి మెట్టు దిగితే ఒక స్వరం, ఎలుక తోక లాగితే ఇంకో స్వరం. ఆ స్వరాలు అవి ఉండాల్సిన శ్రుతిలోనే వినాలి. కర్ణాటక సంగీతం నేర్చుకుంటున్న పిల్లలున్న ఇంట్లో అయితే తేడా వెంటనే పట్టేస్తారు.

గీత చెడటం అని మొదట్లో అన్నాను కదా. ఫిల్ము మీద దుమ్ము, గీరలు తుడిచేదానికి కంప్యూటర్‌తో చేసే నాయిస్ రిడక్షన్ అనే పద్ధతి ఒకటుంది. మనుషులు నటించిన సినిమాలో చెడేదానికి గీతలు ఉండవు. కార్టూన్‌లో మాత్రం, వేగంగా కదిలే సన్నని నల్ల గీతను అది గీర అనుకుని చెరిపేస్తుంది. కొనేముందు ఎవరి దగ్గరైనా ఆ డిస్కు చూసే వీలుంటే పిల్లి మీసాలు చూడండి. టామ్ తల గిర్రున తిప్పిన క్షణంలో ఆపండి. మీసం మధ్యలో తెగినా, మొహం చుట్టూ గీత అక్కడక్కడా మాయమైనా ఆ డిస్కులో తుడుపు ఎక్కువైనట్టే. 2003 నుంచి 2008 దాకా ఆరు సంపుటాలుగా వచ్చిన, వార్నర్ వాళ్ల లూనీ ట్యూన్స్ బొమ్మల గోల్డెన్ కలెక్షన్ డీవీడీలు ఎంతో శ్రద్ధగా చేసిన పని. దాంట్లోనూ కొన్ని బొమ్మలకు ఈ దెబ్బ తగిలింది.

బ్లూరే అంటే చాలదు

బ్లూరేలో బొమ్మ 1920 అడ్డం, 1080 నిలువు. పెద్ద టీవీ ఉన్నవాళ్లకు డీవీడీకీ దీనికీ తేడా గది అవతలి నుంచే తెలుస్తుంది. కానీ బ్లూరే అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మొద్దు. 1941 నుంచి 1943 దాకా వచ్చిన 17 సూపర్‌మ్యాన్ బొమ్మలు 2023లో బ్లూరేగా వచ్చినప్పుడు, ఫిల్ముకు సహజంగా ఉండే సన్నని చుక్కలను, అంటే గ్రెయిన్‌ను, అతిగా తుడిచేశారని సేకరించేవాళ్లు గట్టిగానే విమర్శించారు. కొత్తదని కొనకుండా, ఆడించి చూసినవాళ్లు ఏమంటున్నారో తెలుసుకుని కొనండి.

బ్లూరేకూ రీజియన్లున్నాయి. మనది సి, అమెరికాది ఏ. వార్నర్ వాళ్ల పాత చిత్రాల విభాగం వార్నర్ ఆర్కైవ్ తెచ్చే డిస్కులు చాలావరకు ఏ దేశపు ప్లేయర్‌లోనైనా ఆడతాయి, అది మన అదృష్టం. పింక్ పాంథర్ బొమ్మలను 2018 నుంచి తెచ్చిన కీనో లార్బర్ అనే అమెరికా కంపెనీ డిస్కులు మాత్రం సాధారణంగా రీజియన్ ‘ఏ’కే తాళం వేసి ఉంటాయి. ఇక్కడ కొన్న ప్లేస్టేషన్‌లో పెడితే ఆడవు. మాటలు లేని ఇంత చక్కటి బొమ్మలు, 1964లో వచ్చిన మొదటిదానికే ఆస్కార్ తెచ్చుకున్నవి, మన ప్లేయర్లలో ఆడకపోవడం నిజంగా లోటే. వాటికి డీవీడీనే మేలు.

ఇక ఏ బొమ్మలు?

టామ్ అండ్ జెర్రీతోనే మొదలుపెట్టమంటా. మాటలు దాదాపు లేవు. జేజి పక్కన మనవడు కూర్చుని చూసినా ఇద్దరూ ఒకే చోట నవ్వుతారు. అయితే లెక్క తెలిసి కొనాలి. హన్నా, బార్బెరా అనే ఇద్దరు దర్శకులు ఎంజీఎం స్టూడియోలో 1940 నుంచి 1958 దాకా తీసినవి 114. 1961, 62ల్లో జీన్ డైచ్ ప్రాగ్ నగరంలో తీసినవి 13. 1963 నుంచి 67 దాకా చక్ జోన్స్ తీసినవి 34. మొత్తం 161. పెట్టె మీద కంప్లీట్ అని పెద్ద అక్షరాలతో ఉన్నా లోపల వీటిలో ఏవి, ఎన్ని ఉన్నాయో వెనక చిన్న అక్షరాల్లో చదవండి. నాకు ఆ 114 ముఖ్యం. జోన్స్ గీసిన జెర్రీ ముద్దుగా ఉంటాడు, కానీ పిల్లికీ ఎలుకకీ మధ్య ఉండే కసి ఆ బొమ్మల్లో తగ్గిపోయింది.

ఈ 114నూ పూర్తిగా సంపాదించేదానికి సేకరించేవాళ్లు చాలా ఏళ్లు ఎదురుచూశారు. 2011లో గోల్డెన్ కలెక్షన్ పేరుతో మొదటి బ్లూరే వచ్చింది, 37 బొమ్మలు. రెండోది 2013లో రావాల్సింది. దాంట్లో ‘మౌస్ క్లీనింగ్’, ‘కాసనోవా క్యాట్’ అనే రెండింటిని, నల్లవాళ్లను ఎగతాళి చేసే సీన్లున్నాయని, వదిలేశారు. పూర్తిగా ఇస్తామని చెప్పి వదిలేయడమేంటని కొనేవాళ్లు తిరగబడ్డారు, ఆ సెట్టు బయటికే రాలేదు. ఆ సీన్లు తప్పే. ఆ కాలపు తప్పును పెద్దవాళ్లు చూసి తెలుసుకోవాలి, పిల్లలకు చూపించేటప్పుడు పక్కన కూర్చుని చెప్పాలి. మాయం చేస్తే చెప్పేదానికి కూడా ఏమీ మిగలదు. చివరికి 2025లో గోల్డెన్ ఎరా ఆంథాలజీ అని 114 బొమ్మలూ ఒకే బ్లూరే పెట్టెలో వచ్చాయి. బ్లూరే ప్లేయర్ ఉండి, దాచుకోవాలనుకునేవాళ్లకు నా జవాబు ఇదే. వేరే ఏదీ ఆలోచించక్కర్లేదు.

డీవీడీ ప్లేయర్ మాత్రమే ఉంటే 2004 నుంచి 2007 మధ్య వచ్చిన స్పాట్‌లైట్ కలెక్షన్ మూడు సంపుటాలు వెతకండి. 1954 నుంచి కొన్ని బొమ్మలను సినిమాస్కోప్‌లో తీశారు, ఆ వెడల్పు పూర్తిగా కనిపించే డిస్కు కావాలి. టీవీ కోసం పక్కలు కోసిన కాపీల్లో టామ్ పరుగెత్తుతుంటాడు, జెర్రీ ఎక్కడున్నాడో కనిపించదు.

లూనీ ట్యూన్స్‌ది వేరే లోకం. 1930 నుంచి 1969 దాకా దాదాపు వెయ్యి బొమ్మలు. అన్నీ కొనాలనుకుంటే ఆస్తులు రాసివ్వాలి. పైగా అందులోని కుందేలు బగ్స్ బన్నీ ఊరికే ఉండడు, ఇంగ్లీషులో గడగడా మాట్లాడుతుంటాడు. దానికి గొంతిచ్చిన మెల్ బ్లాంక్ పలుకులో ఆ మాటల విరుపే సగం హాస్యం. కాబట్టి ఇంట్లో అందరికీ ఇంగ్లీషు వేగంగా అందకపోతే, సబ్‌టైటిల్స్ ఉన్నాయో లేదో చూసి మరీ కొనండి. బ్లూరేలో 2011 నుంచి 2014 దాకా మూడు ప్లాటినం కలెక్షన్లు వచ్చాయి, ఒక్కోదాంట్లో 50 బొమ్మలు. ఎక్కువ భాగం గోల్డెన్ కలెక్షన్ డీవీడీల్లో వచ్చినవే. రెండూ కొంటే ఒకే బొమ్మకు రెండుసార్లు డబ్బు కట్టినట్టు. పాత డీవీడీలు ఉన్నవాళ్లు ప్లాటినం వదిలేసి, 2023, 24ల్లో వచ్చిన కలెక్టర్స్ చాయిస్ నాలుగు సంపుటాలు చూడండి. అంతకుముందు డిస్కు మీద సరిగా రాని బొమ్మలను ఏరి పెట్టారు. ఇప్పటిదాకా ఏ సెట్టూ కొననివాళ్లకు ప్లాటినం మొదటి సంపుటం ఒక్కటి చాలు.

పొపాయ్ విషయంలో నాకు పక్షపాతం ఉంది, ఒప్పుకుంటా. 1936లో వచ్చిన సింద్‌బాద్ కథ, మరుసటి ఏడాది వచ్చిన ఆలీబాబా కథ రెండు రీళ్ల రంగుల బొమ్మలు. వాటిలో కొన్ని సీన్లలో వెనక కనిపించే గుహలు, కొండలు గీసినవి కావు. బల్ల మీద నిజంగా చిన్న సెట్టు కట్టి, దాన్ని తిప్పుతూ, ముందు బొమ్మ గీసిన షీటు పెట్టి ఫొటో తీశారు. పొపాయ్ నడుస్తుంటే వెనక రాళ్లు లోతుగా కదులుతాయి. ఈ బొమ్మలకు అమెరికాలో కాపీరైటు లేకపోవడంతో ప్రతి చవక డిస్కులోనూ ఇవే ఉంటాయి, ఎర్రబారి, మసకబారి. అందులో ఆ లోతు కనపడదు. అందుకే వీటికి 2007 సెట్టే కావాలి. 1940ల నాటి రంగుల పొపాయ్ బొమ్మలు బ్లూరేలో మూడు సంపుటాలుగా విడిగా వచ్చాయి. బాగున్నాయి గానీ ఫ్లీషర్ల పనితనం వేరు.

డిస్నీ చిన్న బొమ్మలకు 2001 నుంచి 2009 దాకా రేకు డబ్బాల్లో వచ్చిన వాల్ట్ డిస్నీ ట్రెజర్స్ ఉన్నాయి. పరిమితంగా వేసినవి, ఇప్పుడు పాతవే దొరుకుతాయి, ధర మండిపోతుంది. అన్నీ కాకపోయినా, సిల్లీ సింఫనీలు అనే బొమ్మల వరస ఉన్న డబ్బా ఒకటి దొరికితే మాత్రం వదలొద్దు. 1932లో మూడు రంగుల టెక్నికలర్ అనే రంగు ఫిల్ము పద్ధతితో మొదటి కార్టూన్ ఆ వరసలోనే వచ్చింది. 1935 దాకా కార్టూన్లకు ఆ పద్ధతిని డిస్నీ ఒక్కడే వాడుకునేలా ఒప్పందం చేసుకున్నాడు. అందుకే 1934 నాటి వార్నర్ రంగుల బొమ్మల్లో నీలం సరిగా కనిపించదు, రెండు రంగులతోనే సరిపెట్టుకున్నారు. అది డిస్కు లోపం అనుకుని తిరిగి పంపేయకండి.

టెక్స్ ఏవరీ అనే దర్శకుడు ఎంజీఎంలో తీసిన బొమ్మలు 2020, 21ల్లో మూడు బ్లూరేలుగా వచ్చాయి. పెద్దవాళ్లకు. కొనండి.

ఫోన్‌లో ఉంటే కొనేదేంటికి?

మా అన్న కొడుకు అడిగిన మాటే చాలామంది అడుగుతారు. “చిన్నాయనా, యూట్యూబ్‌లో ఊరికే వస్తుంటే డబ్బు పెట్టి కొనేదేంటికి?” పిల్లలకు సరదాగా చూపించేదానికైతే వాడి మాట సబబే, కొనక్కర్లేదు. కానీ అక్కడ కనిపించే బొమ్మను ఒకసారి జాగ్రత్తగా చూడండి. ఎవరో పైనా కిందా కోసి వెడల్పు తెరకు సరిపెట్టి ఉంటారు, లేదా హక్కుదారుల కంట పడకుండా కుడి ఎడమలు తిప్పేసి ఉంటారు. టామ్ తల పైభాగం ఉండదు, గోడ మీద రాసిన అక్షరాలు తిరగబడి ఉంటాయి.

డబ్బు కట్టే యాప్‌ల మీద కూడా భరోసా పెట్టుకోలేం. 2025 మార్చిలో అమెరికాలో వార్నర్ వాళ్ల సొంత స్ట్రీమింగ్ యాప్ నుంచే పాత లూనీ ట్యూన్స్ మొత్తం తీసేశారు. ఆ బొమ్మలు తయారుచేసిన సంస్థే వాటిని తన దగ్గర ఉంచుకోనప్పుడు, మన బీరువాలో ఉన్న డిస్కే మనది.

ఇంట్లో టీవీ సెట్టింగు కూడా ఒక్కసారి చూసుకోండి. సినిమాస్కోప్‌వి తప్ప ఈ బొమ్మలు దాదాపు చదరంగా ఉండే తెరకు తీసినవి. వాటి డీవీడీ ఆడించేటప్పుడు టీవీని 4:3కి పెట్టి, రెండు పక్కలా నల్ల పట్టీలు వదిలేయండి. సాగదీస్తే జెర్రీ పందికొక్కులా కనిపిస్తాడు.

తెప్పించుకోవడం, దాచుకోవడం

అనంతపురంలో గానీ కర్నూలు, కడపల్లో గానీ సీడీ షాపులన్నీ సెల్‌ఫోన్ షాపులైపోయాయి. పాత డిస్కులకు బెంగళూరు ఆదివారం సంతలు, హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంటు పుస్తకాల వరసలు చూడొచ్చు. పుస్తకాల మధ్య డిస్కులూ తగులుతుంటాయి. కాచిగూడ, బెంగళూరు మధ్య రైలు కర్నూలు మీదుగా, మన మీదుగానే పోతుంది కాబట్టి రానూపోనూ కష్టం లేదు. అమెరికా నుంచి తెప్పిస్తే డిస్కు ధర మీద పోస్టు ఖర్చు, కస్టమ్స్ సుంకం కలుస్తాయి. ఒక్కొక్కటి తెప్పించకుండా నలుగురు కలిసి ఒకే పార్సెల్‌లో తెప్పించుకుంటే పోస్టు ఖర్చు తగ్గుతుంది.

మన ఎండల సంగతి మర్చిపోవద్దు. మిద్దె పైగదిలో, కప్పు కింద ఇనుప బీరువా పై అరలో పెడితే ఏప్రిల్, మే నెలల్లో లోపల పొయ్యిలా ఉంటుంది. కింది అంతస్తులో, గోడకు ఎండ తగలని వైపు, డిస్కులను నిలువుగా పెట్టండి. మెత్తటి ప్లాస్టిక్ కవర్లలో ఉన్నవి వేడికి అతుక్కుంటాయి, గట్టి డబ్బాలోకి మార్చండి. ఇంట్లో రాసుకున్న డిస్కులు, అంటే వెనక నీలంగానో ఊదాగానో ఉండేవి, ఎండకు ఇంకా తొందరగా పోతాయి. మన దుమ్ముకు డిస్కును చొక్కా అంచుతో తుడవడం అందరికీ అలవాటే. మానండి. ఫిల్టర్ నీళ్లు, మెత్తటి నూలు గుడ్డ, మధ్య నుంచి అంచు వైపు నేరుగా. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక తెల్ల మచ్చలు మిగిలిపోతాయి.

పాత డీవీడీ కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. 2006 నుంచి 2008 మధ్య తయారైన వార్నర్ డీవీడీల్లో కొన్ని, ఎంత జాగ్రత్తగా దాచినా, పొరలు చెడి ఆడకుండా పోతున్నాయి. 2025లో సంస్థే ఆ సంగతి ఒప్పుకుంది. లూనీ ట్యూన్స్ గోల్డెన్ కలెక్షన్ చివరి సంపుటాలు, పొపాయ్ సెట్లు వచ్చింది సరిగ్గా ఆ ఏళ్లలోనే. పైకి కొత్త డిస్కులా తళతళలాడుతుంటుంది, ప్లేయర్‌లో పెడితే సగంలో ఆగిపోతుంది. కాబట్టి పాత సెట్టు చేతికి రాగానే అరలో సర్దేయకండి. ప్రతి డిస్కునూ మొదటి బొమ్మ నుంచి చివరిదాకా, అదనంగా ఉన్న ముక్కలతో సహా, తిరిగి పంపే గడువు దాటకముందే ఆడించి చూడండి. ఎక్కడైనా ఆగితే డిస్కును తుడిచి ఇంకో ప్లేయర్‌లో పెట్టి చూడండి. అదే చోట మళ్లీ ఆగితే ఫొటో, వీడియో తీసి అమ్మినవాళ్లకు ఆ రోజే పంపండి.